కొమురెల్లి చూసిన రెండో భాగం

కొమురెల్లి వాన పడుతదంటె ఊర్లె ఎవలూ ఆరవోసిన వడ్లు ఎత్తరు. పడదంటె మాత్రం జర మొగులు దిక్కు చూస్తరు. అట్లని ఆయన ముచ్చట పెడుతుంటె నడుమల లేసి పోయెటోడు గూడ ఒక్కడు లేడు. పదకొండేండ్లు దుబాయిల పెద్ద పెద్ద బిల్డింగులకు ఏసీ గొట్టాలు బిగించి వచ్చిండు, ఇప్పుడు ఊర్లె ట్రాక్టర్ నడుపుతడు. చాటుకు అందరు ఆయన్ను హార్వెస్టర్ అంటరు. వరి కోసినందుకు కాదు.

ఆ ఐతారం పొద్దు వంగినంక ఆయన లక్ష్మణ్ ఇంటి అరుగు మీదికి వచ్చి కూసున్నడు. హుజూరాబాద్ రోడ్డు పక్కనే ఆ ఇల్లు. ఎండ ఇంక తగ్గలే. లక్ష్మణ్ చేనుకు మందు కొట్టే పంపు ఇప్పి, ఇరుక్కున్న మట్టిని పుల్ల తోని తీస్తుండు. ఆయన తల్లి కిష్టవ్వ చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తున్నది. పక్కన మనుమరాలు సృజన చుట్టిన బీడీలకు దారం కడుతున్నది. ఎదురుంగ పంచర్ దుకాణం ఖయ్యూంది. గిరాకి లేక ఆయన గూడ రోడ్డు దాటి వచ్చి మెట్టు మీద కూసున్నడు.

సృజన కరీంనగర్ ల బీఎడ్ చదువుతది. రోజు పొద్దుగాల బస్సుకు పోయి పొద్దుమీకి వస్తది. కాలేజీల చేర్పించిన్నాడు లక్ష్మణ్ ఒక్కటే మాట చెప్పిండు. "చదువుకని పంపుతున్న బిడ్డా. చదువు పేరు చెప్పి ఇంకోటి చేసినవని తెలిసిన్నాడు బస్సెక్కుడు బంద్." రెండేండ్ల సంది ఆ మాటకు ఎసొంటి వంకా రాలే. మొన్న శుక్రవారం వచ్చింది. ఆ పొద్దు బడిల పాఠం చెప్పే ప్రాక్టీస్ ఉన్నదని ఇంట్ల చెప్పి, తన క్లాసుల చదివే హరీష్ తోని కలిసి పొద్దటాట సినిమాకు పోయింది. పెద్ద తప్పేం చెయ్యలే. రెండున్నర గంటలు సినిమా చూసింది, కడుపునిండ నవ్వింది, బస్సెక్కి ఇంటికి వచ్చింది. కాని ఇంట్ల చెప్పిన మాట అబద్ధం.

అందుకే కొమురెల్లి తువ్వాల దులిపి భుజం మీద ఏసుకొని, "మొన్న శుక్రవారం కరీంనగర్ ల సినిమా చూసిన బావా" అనంగనే ఆమె చేతుల దారం తెగింది.

"ఏం సినిమా?" లక్ష్మణ్ తల ఎత్తకుంటనే అడిగిండు.

"గదే, మొగడు పెండ్లాల నవ్వుల సినిమా. మొదటి భాగంల లగ్గం దాక తెచ్చి ఇడిసిపెట్టిండ్రు గద, ఇప్పుడు లగ్గమైనంక లొల్లి, రెండో భాగం. ట్రాక్టర్ కు ఒక సామాను కావాలంటె పోయిన, దుకాణపాయన మూడు గంటలకు రమ్మన్నడు, అప్పటిదాక గా ఎండల ఏడ తిరుగుదునని పొద్దటాటకు పోయిన. పోతె ఏమున్నది, హౌస్ ఫుల్. నేనేం లొల్లి చెయ్యలే, బతిమిలాడలే, ఊకె పోయి కౌంటర్ కాడ నిలవడ్డ. లోపల కూసున్నాయన నన్ను చూసి, అన్నా దుబాయికెల్లి వచ్చినవా అన్నడు. అవునన్న. మేనేజర్ కోసమని ఒక్క సీటు పెట్టిన, నువ్వు తీస్కోమన్నడు. గంతే."

"మొఖం మీద దుబాయని రాసున్నదా?" అన్నడు లక్ష్మణ్.

"మొఖం మీద ఉండది బావా, నడకల ఉంటది."

ఖయ్యూం మెట్టు మీద సదురుకొని కూసున్నడు. "సహీ బాత్. చెప్పు అన్నా, చెప్పు."

సృజన కొత్త దారం తీసుకున్నది. హౌస్ ఫుల్ మాట ఇన్నంక ఆమెకు జర ఊపిరి ఆడింది. ఆ పొద్దు హాలు సగం ఖాళీ. ఈయన ఆ హాలుకు పోనే పోలేదేమో, ఎవలో చెప్తె ఇని చెప్తుండేమో అనుకున్నది. కాని ఏ దినమో, ఏ ఆటో రెండూ సక్కగనే చెప్పిండు గద. అదే పరేషాన్.

"సినిమా షురూ అయ్యింది," అన్నడు కొమురెల్లి, "పది నిమిషాలు కాలే, ఏసీ బంద్. బయట ఎండ ఎట్ల కొడుతుందో మీకెర్కేనాయె, లోపల ఇటుకబట్టీ లెక్క అయింది. జనం చేతిరుమాళ్ల తోని ఊపుకుంటున్నరు, చంటిపిల్లలు ఏడుస్తున్నరు, మేనేజర్ ఉరుకొచ్చి మెకానిక్ వరంగల్ నుంచి రావాలె, రెండు గంటలు పడుతదంటుండు. నేను పైకి చూసిన. గొట్టం ఏడికెల్లి వచ్చి ఎటు పోయిందో నాకు కింద కూసుంటెనే సమజైతది. పదకొండేండ్లు గదే పని గద. లేసి కుర్చీ మీద నిలవడి, ఎడమచేత్తోని ఒక్క గుద్దు గుద్దిన. ఇగ చూస్కో, ఎసొంటి సల్లగాలి వచ్చిందనుకున్నవ్, ముందు వరుసల ముసలాయన చెద్దరు కావాలన్నడు. బాల్కనీల నలుగురికి సర్ది పట్టింది. బయట ఐస్‌క్రీం అమ్మేటాయన డబ్బా మూసి చాయ్ పెట్టుకున్నడు."

"ఎడమచేత్తోని ఎందుకు?" అన్నడు ఖయ్యూం.

"కుడిచేత్తోని గుద్దితె హాలు ఉండాలె గద భాయ్."

కిష్టవ్వ తలకాయ ఎత్తలే. ఆకుల పొగాకు పోసి, మెలిపెట్టి, చాటల ఏస్తున్నది. ఆమె చేతులు నలభై ఏండ్ల సంది ఆ పని చేస్తున్నయి, చూడకున్నా నడుస్తయి.

"ఇగ అటెన్క ఏమైందో ఎర్కేనా?" కొమురెల్లి అందరి దిక్కు ఒకపారి చూసిండు. "ఆ సలికి సౌండు బాక్సులు బిగుసుకపోయినయ్. సప్పుడు బంద్. తెర మీద మనుషులు మూతులాడిస్తున్నరు, మాట ఇనవస్తలే. జనం ఒక్కటే లొల్లి. నేను మల్ల లేసిన. ఎందుకంటె మొదటి భాగం నేను దుబాయిల పదిహేడుసార్లు చూసిన. పదిహేడుసార్లు చూసినోనికి రెండో భాగంల ఎవలేం మాట్లాడుతరో తెల్వదా? తెర ముందల నిలవడి అందరి మాటలు నేనే చెప్పిన. పిల్లగాని మాట నేనే, పిల్ల మాట నేనే, అత్త మాట నేనే, వంటింట్ల కుక్కరు ఈల గూడ నేనే ఏసిన. అదంత మన భాషల చెప్పిన బావా. ఆ పిల్ల మొగని మీద కోపానికి వచ్చి, ఏందయ్యా గిట్ల చేస్తివి, నీ ఇంట్ల నేనుండ పో అంటుంటె, ఒక్కటే ఈలలు, ఒక్కటే చప్పట్లు. అసలు సినిమా కంటె గిదే మంచిగున్నది అన్నరు. పాట వచ్చింది, పాట గూడ పాడిన."

"ఇద్దరు పాడే పాటా?" అన్నడు లక్ష్మణ్.

"అవు. ఒక లైను ఎడమదిక్కు తిరిగి, ఒక లైను కుడిదిక్కు తిరిగి."

"అసలు గా సినిమాల ఇద్దరు పాడే..." సృజన నోట్లకెల్లి మాట సగం వచ్చినంక నాలుక కరుసుకున్నది.

"ఏంది బిడ్డా?" లక్ష్మణ్ ఆమె దిక్కు చూసిండు.

"ఏం లే బాపూ. ఫోన్ల ట్రైలర్ వస్తది గద, అండ్ల పాట లేకుండె."

"ట్రైలర్ల అన్ని చూపిస్తె సినిమాకు ఎవలు పోతరు?" కొమురెల్లి చెయ్యి ఊపి ఆ ముచ్చట పక్కకు పెట్టిండు. లక్ష్మణ్ మాత్రం ఇంక జర సేపు బిడ్డ దిక్కే చూసి, మల్ల పుల్ల పట్టుకున్నడు.

"ఇంటర్వెల్ అయ్యింది. మేనేజర్ వచ్చి నాకు సమోసలు తినిపిచ్చిండు, అది చెప్పుకుంటె బాగుండది, ఇడిసిపెట్టు. అటెన్క సంగతి చెప్త. ఆ పిల్ల అలిగి రైలెక్కుతది. ఈ పిల్లగాడు ఇంట్ల కూసున్నడు, పోవాల్నో వద్దో తేలుతలేదు. తిరుగుతుండు, కూసుంటుండు, లేస్తుండు, మల్ల కూసుంటుండు. నాకు పానం ఆగలే. లేవురా, పోరా, రైలు పోతది అని ఒక్క కేక ఏసిన. ఏస్తె ఏమైందో ఎర్కేనా? వాడు ఆగిండు. ఆగి, తెర మీదికెల్లి సక్కగ నా దిక్కు చూసిండు. చూసి, కొమురెల్లన్నా, పోవాల్నా వద్దా, నువ్వే చెప్పు అన్నడు."

"పేరు పెట్టి పిలిచిండా!" ఖయ్యూం తొడ కొట్టుకున్నడు.

"ఎందుకు పిలువడు? పదిహేడుసార్లు నేను వాని మొఖం చూస్తె, వాడు ఒక్కపారన్న నా మొఖం చూడలేదా?"

లక్ష్మణ్ కు నవ్వు ఆగలే. పంపు పక్కకు పెట్టిండు.

"పో అన్న. పోయిండు. స్టేషన్ కాడికి పోయేసరికి రైలు కదిలింది. వాడు మల్ల నా దిక్కు చూస్తుండు, ఏం చెయ్యాలె అన్నా అని. నా ట్రాక్టర్ బయటనే ఉండె. తాళంచెవి తీసి తెర దిక్కు ఇసిరిన. టక్కున పట్టుకున్నడు."

"ఆగాగు," అన్నడు లక్ష్మణ్. "ట్రాక్టర్ సామాను కోసం పోతివి గద. సామాను లేనిదే ట్రాక్టర్ ఎట్ల నడిచింది?"

కొమురెల్లి రెప్ప గూడ కొట్టలే. "అందుకే రైలు డ్రైవర్ కు జర మెల్లగ పోనియ్యమని సైగ చేసిన బావా. రైలు పట్టాల మీద, వాడు పట్టాల పక్కన మక్కచేండ్లల్లకెల్లి ట్రాక్టర్ మీద, ఇద్దరు పోతున్నరు, ఆ పిల్ల కిటికీలకెల్లి చూస్తున్నది, కండ్లెమ్మటి నీళ్లు. హాల్ల ఒక్కడు కూసుంటె ఒట్టు. ఆఖరికి పట్టుకున్నడు, రైలు ఆగింది, ఆమె దిగింది, ఇద్దరు ట్రాక్టర్ మీద వచ్చిండ్రు. తాళంచెవి నా చేతుల పెట్టి, డీజిల్ గూడ ఫుల్ చేసి ఇచ్చిండు. తెలివి గల్ల పిల్లగాడు. ఆ పిల్లయితె తెర అంచు దాక వచ్చి వంగి, అన్నా, నీ తోనే నా సంసారం నిలవడ్డది, మూడో భాగం మీ ఊర్లెనే తీస్తం, మా అత్త వేషానికి మీ దిక్కు మంచి మనిషిని చూసి పెట్టు అన్నది. చూస్త అన్న."

ఖయ్యూం కండ్లు తుడుసుకున్నడు. నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది. "అన్నా, నీ మాట నేను కాదన. కాని హాలు నిండ మంది ఉన్నరంటివి. అండ్లకెల్లి ఒక్కని పేరు చెప్పు. ఒక్క సాక్ష్యం. మొత్తం ఒప్పుకుంట."

"అవు," అన్నడు లక్ష్మణ్. "మన దిక్కోల్లది ఒక్క పేరు చెప్పు."

మామూలుగనైతె కొమురెల్లి ఇసొంటి మాటకు ఎవలో దుబాయి దోస్తు పేరు చెప్పి తప్పించుకుంటడు. ఆ పొద్దు ఏమనిపిచ్చిందో, అరుగు అంచుకు జరిగి కూసున్నడు.

"సాక్ష్యమా? మన ఊరి మనిషే ఉన్నది ఆ హాల్ల. ఆడామె. కండ్లార చూసిన. పేరు చెప్పుమంటవా బావా?"

లక్ష్మణ్ మొఖం మీది నవ్వు పోయింది. శుక్రవారం తన బిడ్డ గూడ కరీంనగర్ లనే ఉండెనని ఆయనకు యాదికొచ్చింది. "చెప్పు."

కొమురెల్లి చూపు అరుగు మీద ఒక్కొక్కలనే దాటుకుంట వచ్చి సృజన కాడ ఆగింది. ఆయన నిజంగనే చూసిండో, నోటికి వచ్చిన పేరు కోసం ఎతుకుతుండో సృజనకు సమజ్ కాలే. వచ్చే నెల పరీక్షలు. పొద్దుగాల బస్సు, కాలేజీ గేటు, బోర్డు ముందల నిలవడి చెప్పిన పాఠాలు, అన్నీ ఒక్క పేరు మీద ఉన్నయి.

"పండుకున్నోనికి మనుషులెట్ల కనవడ్తరు, కొమురెల్లీ?"

అన్నది కిష్టవ్వ. చేతులు ఆపలే, గొంతు పెంచలే. బీడీ మూతి మడుసుకుంట అన్నది.

"ఎవలు పండుకున్నరు అత్తా?"

"నువ్వే. సినిమాకు పేర్లు పడుతున్నయి, ఆ పేర్లు గూడ ఒడువకముందే పండుకున్నవ్. పక్కాయన భుజం మీద నెత్తి పెట్టినవ్. ఆయన రెండు మూడుసార్లు జరిపిండు, ఇగ కాదని లేసి ఇంకో కుర్చీలకు పోయిండు. ఆ ఖాళీ కుర్చీ మీదికి ఒరిగినవ్. ఏసీ బంద్ కాలే, సప్పుడు బంద్ కాలే, బందయ్యింది నువ్వొక్కనివే. ఇంటర్వెల్ కు గూడ లేవలే. సినిమా ఒడిసినంక ఊడిసే ఆమె వచ్చి చీపురు కట్ట తోని కుర్చీని కొట్టి లేపింది. లేసి ఏమన్నవో చెప్పాల్నా?"

కొమురెల్లి తువ్వాల తీసి మల్ల దులిపిండు.

"షురూ అయ్యిందా అన్నవ్."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ముందుగాల ఖయ్యూం నవ్విండు. "గాలి మొత్తం పోయింది అన్నా! నేనేమో ఇన్నేండ్ల సంది పంచర్లు ఏస్తున్న, దీనికి మాత్రం నా కాడ ప్యాచ్ లేదు."

లక్ష్మణ్ నవ్వలే. తల్లి దిక్కే చూస్తుండు. "అవ్వా, శుక్రవారం నువ్వు కండ్ల దవాఖానకు పోతున్న అన్నవ్ గద."

"అన్న. పోదామనే బస్సెక్కిన. బస్సుల మా మహిళా సంఘపోల్లు ముగ్గురు కలిసిండ్రు, సినిమాకు పోతున్నం రా వదినా అన్నరు. మా తల్లిగారింటి కాడ గుడారం టాకీసుల చూసినదే ఆఖరు. కండ్లు ఎట్ల కనవడుతున్నయో పెద్ద తెర మీద చూసుకుందమని పోయిన. మంచిగనే కనవడుతున్నయ్."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె గీ వయసుల నీకు సినిమాలేందే అంటవని."

అంటడు, అది లక్ష్మణ్ కూ ఎర్కే. కాని మనసుల ఒక ముల్లు ఇంక మిగిలింది. "మరి ఆ హాల్ల మన ఊరోల్లు ఇంకెవలన్న కనవడ్డరా?"

సృజన చేతుల బీడీల కట్టను గట్టిగ పట్టుకున్నది.

"చీకట్ల నాకెవలు కనవడ్తరు కొడకా," అన్నది కిష్టవ్వ.

"కొమురెల్లి కనవడె గద?"

"కనవడలే. ఇనవడ్డడు. ఆ గురక దిక్కు చూస్తె మనిషి దొరికిండు."

ఖయ్యూం మల్ల పడి పడి నవ్విండు. ఈసారి లక్ష్మణ్ గూడ నవ్విండు. కొమురెల్లి తువ్వాల తోని మెడ తుడుసుకున్నడు. ఇసొంటప్పుడు ఇంకో మనిషైతె లేసి పోతడు. ఆయన పోలే.

"అగో, నేనేమన్న?" అన్నడు. "మన ఊరి ఆడామె హాల్ల ఉన్నదన్ననా లేదా? అత్త పేరే చెప్పబోయిన. అంతల అత్తనే చెప్పింది. సాక్ష్యం అడుగుతిరి, సాక్ష్యం దొరికె. ఇంకేం కావాలె మీకు?"

"సాక్ష్యం చెప్పింది నువ్వు పండుకున్నవని గదనే!" అన్నడు లక్ష్మణ్.

"అది ఆమె చూసినకాడికి." లేసి చెప్పులు తొడుక్కున్నడు. రెండడుగులు పోయి, వెనుకకు తిరిగి, ఈసారి జర నిమ్మలంగ అన్నడు. "ఏసీ మాత్రం మస్తుండె అత్తా. అదొక్కటి నిజం. దుబాయికెల్లి వచ్చిన సంది గంత మంచి నిద్ర నాకు పట్టలే."

ఆయన పోయినంక ఖయ్యూం దుకాణం కాడికి ఒక బండి వచ్చి ఆగితె ఉరికిండు. లక్ష్మణ్ పంపు బిగించి భుజాన ఏసుకొని నువ్వుల చేను దిక్కు పోయిండు. అరుగు మీద ఇద్దరే మిగిలిండ్రు.

"ఆ పిల్లగాడు ఎవలు?" కిష్టవ్వ ఆకు కత్తిరిచ్చుకుంటనే అడిగింది.

సృజన చేతుల కట్ట చాటల పెట్టింది. "మా క్లాసే బాపమ్మా. హరీష్. వాళ్లది మంథని."

"మీకు నాలుగు వరుసలు ఎనుకనే నేను కూసున్న. అందరు నవ్వినంక ఆ పిల్లగాడు నవ్వుతుండు."

"ఆయనకు జర ఆలస్యంగ సమజైతది."

"కాని సమజైతది గద. అయితె మంచిదే. తొందర తొందరగ నవ్వెటోల్లను శాన మందిని చూసిన." కిష్టవ్వ కత్తెర పక్కకు పెట్టింది. "చేనుకాడికి పోయి మీ బాపుకు నువ్వే చెప్పు. ఇయ్యాల ఒక అబద్ధం నా తోని అయ్యింది. రెండోది ఆడితె నేను గూడ కొమురెల్లినే."

"కాలేజీ బంద్ పెడితె?"

"బంద్ పెడితె వచ్చి నేను మాట్లాడుత. నువ్వు చెప్పనే చెప్పకపోతె నేనేం మాట్లాడాలె?"

సృజన నీళ్ల సీస పట్టుకొని చేనుకాడికి పోయింది. లక్ష్మణ్ పంపు ఈపుకు ఏసుకొని సాలు ఎంబడి మందు కొడుతుండు. గట్టు మీద నిలవడి ఆమె మొత్తం చెప్పింది. ప్రాక్టీస్ లేదని, సినిమాకు పోయిన్నని, ఎవలి తోని పోయిన్నో అది గూడ. ఆమె చెప్పుడు అయినంక లక్ష్మణ్ అటు తిరిగి సాలు చివరి దాక మందు కొట్టుకుంట పోయి, ఇంకో సాల్ల తిరిగి వచ్చిండు.

"ఇసొంటి మాట ఎన్నిసార్లు చెప్పినవ్ నాకు?"

"ఒక్కసారే బాపూ."

మల్ల పోయిండు. ఆ సాలు పెద్దది. సృజన గట్టు మీదికెల్లి కదలలే. ఆయన తిరిగి వచ్చి, పంపు దించి, చేతులు కడుక్కొని సీస అందుకున్నడు.

"పరీక్షలెప్పుడు?"

"వచ్చే నెల పదో తారీకు సంది."

"అప్పటిదాక పొద్దుగాల నేనే బస్సెక్కిస్త. పొద్దుమీకి నేనే వచ్చి తోల్కపోత. సినిమా లేదు, ఏం లేదు."

"మంచిది బాపూ."

నీళ్లు తాగిండు. మూత పెట్టిండు. సీస బిడ్డ చేతికి ఇయ్యకుంట పట్టుకొనే నిలవడ్డడు. "ఏ ఊరన్నవ్?"

"మంథని."

"పరీక్షలైనంక వాళ్ల పెద్దోళ్లను తోల్కొని ఇంటికి రమ్మను. చూస్త. ఇప్పుడే మాట ఇస్తలేను, చూస్త అంటున్న." పంపు మల్ల ఈపుకు ఎత్తుకున్నడు. రెండడుగులు సాల్లకు పోయి ఆగిండు.

"కొమురెల్లి ఊర్లె లేని దినం చూసి రమ్మను."